ఇక్కడ పుట్టినవాళ్లం

ఎక్కడికి పోయినా, ఎంత పెద్ద హోటల్లో కూర్చున్నా మేం మొదట అడిగే ప్రశ్న ఒకటే. ఇందులో పంది లేదు కదా?

న్యూ ఆర్లియన్స్‌లోని ఒక పెద్ద క్రియోల్ రెస్టారెంట్‌లో కూడా అదే అడిగాం. హ్యూస్టన్‌లో ఉద్యోగం చేసే మా తమ్ముడు, మరదలు, తమ్ముడితో పనిచేసే గుంటూరు మిత్రుడు, మేం ఆలుమగలం. మొత్తం అయిదుగురం. మగవాళ్లకు కోటు తప్పనిసరి అన్నారు. మాకు లేకపోతే తలుపు దగ్గరే ఒక కోటు అరువిచ్చారు. చేతులు పొడుగైన ఆ కోటు తొడుక్కుని, తెల్ల గుడ్డ పరిచిన బల్ల ముందు బుద్ధిగా కూర్చున్నాం. ఒక్క పూట భోజనానికి పెట్టబోయే డబ్బుతో మా ఊళ్లో ఒక కుటుంబానికి నెల సరుకులొస్తాయని మా ఆవిడ ఉర్దూలో మెల్లగా లెక్క చెప్పింది.

వడ్డించడానికి వచ్చినాయన నల్లజాతి పెద్దమనిషి. మా ప్రశ్న విని నవ్వలేదు, విసుక్కోలేదు. "సాసేజ్ గంబో మీకు పనికిరాదు సర్. ఎర్ర చిక్కుళ్లలోనూ పంది ఎముక వేస్తారు. రొయ్యల గంబోలో రసం దేనిదో లోపల కనుక్కొస్తా" అని వెళ్లాడు. తిరిగొచ్చి, "పీతల పెంకులతో, రొయ్యల తలలతో కాచిన రసమే. నిశ్చింతగా తినండి" అన్నాడు. వడ్డిస్తూ గొంతు తగ్గించి ఇంకో మాట అన్నాడు. "మా నాయనమ్మ చేసే గంబో అచ్చం ఇలాగే ఉండేది. ఆమె వంట ఈ గదిలోకి వచ్చేది. ఆమెను మాత్రం రానిచ్చేవాళ్లు కాదు."

గుంటూరు మిత్రుడు ఒక చెంచా రుచి చూసి, "ఎంతైనా ఫ్రెంచివాళ్ల రుచే వేరండీ!" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేం. మెనూ చెప్పిందే ఆయన చెప్పాడు. మెనూ వెనక పేజీలో ఆ హోటల్ చరిత్ర అచ్చేశారు. ఫ్రాన్స్ నుంచి వచ్చిన మూలపురుషుడు, ఆయన కొడుకు, మనవడు, వచ్చిపోయిన ప్రెసిడెంట్లు, సినిమా తారలు అందరూ ఉన్నారు. వండినవాళ్ల పేరు మాత్రం ఒక్కటీ లేదు. ఇన్నేళ్లుగా పొయ్యి దానంతటదే మండిందన్నట్టు, కూర దానంతటదే ఉడికిందన్నట్టు రాసుకున్నారు.

మా తగాదా ఆ వెనక పేజీతోనే.

ముందు గిన్నెలో ఏముందో చూద్దాం. గంబో అన్న మాటే ఆఫ్రికాది. మధ్య ఆఫ్రికా భాషల్లో 'కి న్‌గొంబో' అంటే బెండకాయ. అంటే మిత్రుడు ఫ్రెంచి రుచి అని మెచ్చుకున్నది, పేరుతో సహా, ఆఫ్రికా బెండకాయ పులుసుని. బెండ లేని రోజుల్లో చిక్కదనం కోసం చల్లే 'ఫిలే' పొడి సాసఫ్రాస్ ఆకులది. దాన్ని నేర్పింది ఆ నేల అసలు హక్కుదారులైన చాక్టా ఆదివాసులు. కింద ఉన్న అన్నం సంగతీ అంతే. 1719లో లూసియానాకు మొదటి బానిస ఓడలు వచ్చినప్పుడు, వరి పండించడం తెలిసిన మనుషుల్ని పట్టుకు రమ్మని, విత్తనపు వడ్లూ తెమ్మని ఓడ కప్తాన్లకు ఫ్రెంచి కంపెనీ ఆజ్ఞలిచ్చింది. చేతుల్ని మాత్రమే కాదు, బుర్రలో ఉన్న వ్యవసాయ విద్యనీ ఎత్తుకొచ్చారు. ఫ్రెంచి పాలనలో వచ్చిన ఆఫ్రికన్లలో మూడింట రెండు వంతుల మంది సెనెగాంబియా ప్రాంతం వాళ్లని గ్వెండొలిన్ మిడ్లో హాల్ 1992లో వచ్చిన తన పుస్తకంలో రాసింది.

సెనెగాంబియా అంటే ఇస్లాం అప్పటికే శతాబ్దాలుగా వేళ్లూనుకున్న నేల. ఆ ఓడల అడుగున ముస్లింలూ ఉన్నారు. 1724లో లూసియానాలో అమలుకు వచ్చిన 'కోడ్ న్వార్' అనే నల్ల చట్టం బానిసలందరికీ క్యాథలిక్ బాప్టిజం ఇవ్వాలంది. యూదుల్ని వెళ్లగొట్టమంది. పేరు పోయింది, నమాజు పోయింది, భాష పోయింది. చేతిలో వంట మిగిలింది. యజమాని అదీ తిన్నాడు.

ఫ్రెంచివాళ్లు ఏమీ ఇవ్వలేదని మేం అనడం లేదు. పిండిని కొవ్వులో ఎర్రగా వేయించే 'రూ' వాళ్లది. స్పెయిన్ వాళ్ల చెయ్యీ ఆ వంటలో ఉంది. గిన్నెలో అందరి వాటా ఉంది. మరి గిన్నె మీద పేరు ఒక్కరిదే ఎందుకుంది?

ఇక 'క్రియోల్' అన్న మాట. పోర్చుగీసు, స్పానిష్ భాషల నుంచి వచ్చిన ఈ మాటకు అర్థం చాలా చిన్నది. ఇక్కడే పుట్టి పెరిగిన అని. వలస కాలంలో దాన్ని తెల్లవాడికీ వాడారు, బానిసకీ వాడారు, చివరికి ఆవుకీ టమాటాకీ కూడా వాడారు. ఈ నేల మీద పుడితే చాలు, క్రియోలే. కానీ అంతర్యుద్ధం ముగిసి బానిసత్వం రద్దయ్యాక ఆ మాటకు హఠాత్తుగా కులం వచ్చింది. నల్లవాడు చట్టం ముందు సమానుడయ్యే ప్రమాదం వచ్చేసరికి, చార్లెస్ గయార్రే లాంటి తెల్ల చరిత్రకారులు క్రియోల్ అంటే స్వచ్ఛమైన తెల్ల రక్తమేనని వాదించారు. 1885లో తులేన్ విశ్వవిద్యాలయంలో ఆయన ఇచ్చిన ఉపన్యాసం సారాంశం అదే. ఇక్కడ పుట్టిన అనే మాటను, ఇక్కడ పుట్టినవాళ్లలోనే కొందరి నోటి నుంచి లాక్కున్నారు.

అదే 1885లో క్రియోల్ వంటల తొలి పుస్తకాల్లో ఒకటి అచ్చయింది. రాసింది లఫ్‌కాడియో హెర్న్ అనే జర్నలిస్టు. 1900లో పికయూన్ అనే పత్రిక ఇంకో పెద్ద వంటల పుస్తకం వేసింది. పాతకాలపు నల్ల వంటమనుషులు కనుమరుగైపోతున్నారు, వాళ్ల చేతివిద్య పోకముందే తెల్ల ఇల్లాళ్ల కోసం రాసి పెడుతున్నామని దాని ముందుమాటలో ఎంతో బాధపడ్డారు. బాధ సరే, ఆ వంటమనుషుల పేర్లు ఏవీ? పేరు లేకుండా వంట రాసుకోవడాన్ని సేకరణ అంటారా, దోపిడీ అంటారా? ఇది చేసింది మా వృత్తివాళ్లే కాబట్టి ఈ ప్రశ్న మాకు మేమూ వేసుకుంటున్నాం. ఎవరి మాటో తెచ్చుకుని మన పేరుతో అచ్చేసుకోవడం పత్రికలవాళ్లకు కొత్త కాదు.

నల్ల చెయ్యి తన పేరుతో తాను రాసుకోవడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. లీనా రిచర్డ్ అనే నల్లజాతి వంటావిడ 1939లో తన పుస్తకం తానే అచ్చేసుకుంది. 1949లో న్యూ ఆర్లియన్స్ టెలివిజన్‌లో వంట నేర్పింది. ఆ ఏళ్లలో ఆమె మొహం తెల్లవాళ్ల డ్రాయింగ్ రూముల్లోకి వెళ్లొచ్చు. వాళ్ల హోటల్ బల్ల ముందు మాత్రం కూర్చోకూడదు.

కుర్చీ కోసం జరిగిన యుద్ధం కూడా ఈ ఊరిదే. 1892లో హోమర్ ప్లెసీ అనే చెప్పులు కుట్టే క్రియోల్ మనిషి తెల్లవాళ్ల రైలుపెట్టెలో కావాలనే కూర్చుని అరెస్టయ్యాడు. ఆయన వెనక క్రియోల్ పౌరుల కమిటీ ఉంది. 1896లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన మీదే తీర్పిచ్చి, వేరువేరుగా ఉంచినా సమానమేననే అబద్ధాన్ని చట్టం చేసింది. 1960లో నలుగురు యువతీయువకులు కెనాల్ వీధిలోని ఒక దుకాణం ఫలహారపు బల్ల ముందు కూర్చుని జైలుకెళ్లారు. 1963లో సుప్రీంకోర్టు ఆ శిక్షలు కొట్టేసింది. ఆ నలుగురిలో ఒకడు రూడీ లొంబార్డ్. ఇక్కడ ఆగాలి. కుర్చీ కోసం జైలుకెళ్లిన ఈ మనిషే తర్వాత నథానియెల్ బర్టన్ అనే ప్రధాన వంటగాడితో కలిసి 1978లో 'క్రియోల్ ఫీస్ట్' అనే పుస్తకం తెచ్చాడు. పదిహేను మంది వంట నిపుణుల పేర్లతో, వాళ్ల మాటలతో. దానికి సంపాదకురాలు టోనీ మారిసన్. కుర్చీ దొరికితే సగం పనే అయిందని, పేరు దొరకాలని లొంబార్డ్‌కి తెలుసు.

'ఇప్పుడంతా మారిపోయింది కదా, తినేటప్పుడు చరిత్ర దేనికి?' అని మిత్రుడు అడిగాడు. మారింది. 1964 పౌరహక్కుల చట్టం తలుపులు తెరిపించింది. తలుపు తెరవగానే బల్ల మీదకు బిల్లు వచ్చింది. ఆ బిల్లు కట్టగలిగే నాయనమ్మలు ఎందరు? ఆ రాత్రి హాల్లో కూర్చున్నవాళ్లలో నల్లవాళ్లు ఇద్దరో ముగ్గురో. పళ్లేలు మోస్తున్నవాళ్లలో ఎక్కువమంది వాళ్లే. మేం చూసింది ఇది.

చరిత్ర తెలిసిన బల్ల కావాలంటే అదే ఊళ్లో ట్రెమే పేటకు పోవాలి. అక్కడ 1941 నుంచి డూకీ చేజ్ కుటుంబం హోటలుంది. నల్లవాళ్లూ తెల్లవాళ్లూ కలిసి తినడమే నేరమైన రోజుల్లో లియా చేజ్ పైగదిలో ఇద్దర్నీ కూర్చోబెట్టి గంబో పెట్టింది. పౌరహక్కుల ఉద్యమం ఎత్తులు ఆ బల్ల మీదే వేసుకున్నారు. 2005లో కత్రినా తుపాను నీళ్లు ముంచినా 2007లో మళ్లీ తలుపులు తెరిచారు. 2019లో తొంభై ఆరేళ్ల వయసులో పోయేదాకా ఆమె ఆ వంటింటిని వదల్లేదు.

ఆ ట్రెమేకి మాతో ఒక చుట్టరికం ఉంది. 1880ల నుంచి బెంగాల్ హుగ్లీ జిల్లా ముస్లిం చిరువ్యాపారులు చికన్ పనిచేసిన బట్టలు మోసుకుని అమెరికా పోయారు. వాళ్లలో కొందరు న్యూ ఆర్లియన్స్‌లో, ఈ ట్రెమే చుట్టుపక్కలే కాపురాలు పెట్టారు. తెల్ల వీధులు వాళ్లకు చోటివ్వలేదు. నల్ల క్రియోల్ ఆడవాళ్లను పెళ్లాడారు, అక్కడి నేలలో కలిసిపోయారు. వివేక్ బాల్డ్ 2013లో 'బెంగాలీ హార్లెమ్' పుస్తకంలో ఈ కథ తవ్వి తీశాడు. అన్నం, చేప, రొయ్య, బెండకాయ! హుగ్లీ మనిషికి ఆ ఇంటి దస్తర్‌ఖాన్ పరాయిదెలా అవుతుంది? బుట్ట నెత్తిన పెట్టుకుని మన ముస్లింలు అమెరికాలో అడుగుపెట్టేనాటికి కంప్యూటర్ అనే మాట కూడా ఇక్కడ ఎవరికీ తెలియదు. అమెరికాలో మనవాళ్ల చరిత్ర చెప్పే సావనీర్లలో వీళ్లకు ఒక పేజీ దొరుకుతుందా?

వెనక పేజీ గొడవ న్యూ ఆర్లియన్స్‌తో ఆగదు. మిత్రుడి గుంటూరు గోంగూర మాంసాన్ని మా ఇళ్లలో అంబాడే కా సాలన్ అంటాం. ఆకు ఒకటే, పులుపు ఒకటే. గోంగూర, గంబోలోని బెండ ఒకే కుటుంబపు మొక్కలు కూడా. మా దాల్చాలో చింతపండు ఎక్కడిది? మిర్చీకా సాలన్‌లో నువ్వులు, పల్లీలు ఎక్కడివి? ఇదంతా దక్కను నేల వంట. ఇక్కడ పుట్టిన వంట. కానీ స్టార్ హోటళ్లకు పోయి చూడండి, తెలుగువారి భోజనం ఒక పేజీలో ఉంటుంది. మాది వేరే పేజీలో మొఘలాయి, నిజామీ, షాహీ పేర్ల కింద ఉంటుంది. మేమెప్పుడూ ఎక్కడి నుంచో వచ్చినవాళ్లమే. "మీరు తెలుగు చాలా బాగా మాట్లాడతారే!" అని మెచ్చుకునే పెద్దమనుషులకు తెలియదు, అది మెచ్చుకోలు కాదని. గయార్రే చేసిన పనినే నవ్వుతూ చేస్తున్నారని.

మా లోపలి మాటా చెప్పుకోవాలి. న్యూ ఆర్లియన్స్ మిశ్రమ క్రియోల్‌లలో కొందరు బానిసల్ని కొన్నారు. చామనఛాయను చూసుకుని మురిశారు, నల్లవాళ్ల కంటే మేం ఒక మెట్టు పైన అనుకున్నారు. మాలోనూ నిజాం దస్తర్‌ఖాన్ గురించి చెప్పుకుని మీసం తిప్పేవాళ్లున్నారు. ఆ దస్తర్‌ఖాన్ పరిచిన బావర్చీ పేరు చెప్పమనండి, నోరు పెగలదు. దూదేకులవాళ్ల ఇంటి కూరని, కసాయివాళ్ల ఇంటి వంటని తమ వంట కింద లెక్కేస్తారా? హైదరాబాద్‌కు సైనికులుగా వచ్చిన హబ్షీల వారసులు ఇప్పటికీ మన మధ్యే ఉన్నారు. వాళ్ల ఇంటి గడప మనలో ఎందరం తొక్కాం? నవాబుల వెనక దాక్కుని మేం గొప్పవాళ్లం కాలేం. ఆ నవాబు పేరు కూడా ఒక వెనక పేజీయే.

బిల్లు వచ్చింది. మా తమ్ముడు, గుంటూరు మిత్రుడు నేనంటే నేనని పోటీపడ్డారు. మేం మెనూని మరోసారి తిప్పి చూశాం. వడ్డించిన పెద్దాయన్ని పిలిచి, "మీ నాయనమ్మ పేరేమిటి?" అని అడిగాం. ఆయన చెప్పాడు. ఆ పేరు మెనూ వెనక పేజీలో, మూలపురుషుడి బొమ్మ కింద ఖాళీ జాగాలో పెన్నుతో రాశాం. ఇంగ్లీషులో ఒకసారి, ఉర్దూలో ఒకసారి, తెలుగులో ఒకసారి. ఆయన దాన్ని చూసి ఏమీ అనలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు.

అరువు కోటు తలుపు దగ్గర ఇచ్చేసి బయటికొచ్చాం.

మాకు దయగా ఒక కుర్చీ వెయ్యమని మేం అడగడం లేదు. అతిథులుగా మర్యాద చెయ్యమనీ అడగడం లేదు. వండిన చేతి పేరు రాయండి. ఇక్కడ పుట్టినదాన్ని ఇక్కడిదనండి. అక్కడైనా అంతే, ఇక్కడైనా అంతే. మీరు రాయకపోతే పెన్ను మా దగ్గరా ఉంది.