గోడకు తగిలించిన ఊత చేపను పట్టదు

ఏటా ఆగస్టు 9న బడుల్లో, హాస్టళ్ళలో మనం ఒక బల్ల వేస్తాం. దానిమీద ఊత, మావు, విసురువల, ఈతబరికెల గంప పేరుస్తాం. ఫోటోలు దిగుతాం. సాయంత్రానికి అన్నీ సామాన్ల గదిలో పడతాయి. మరుసటేడు తీసి చూస్తే వెదురుకు పురుగు పట్టి ఉంటుంది, వలను ఎలుకలు కొరికి ఉంటాయి. ఎలుకలు పట్టడంలో పేరున్న జాతి వలనే ఎలుకలు కొరికితే అంతకంటే నగుబాటు ఏముంది?

మేము కృష్ణా డెల్టాలో పాఠాలు చెప్పే యానాది, ఎరుకల బిడ్డలం. ఈ మాట ముందు మాకు మేమే చెప్పుకుంటున్నాం.

2024 సెప్టెంబరు 1న బుడమేరు విజయవాడను ముంచింది. సింగ్‌నగర్ వీధులు చెరువులయ్యాయి. ప్రకాశం బ్యారేజీ దగ్గర కృష్ణమ్మ 11.43 లక్షల క్యూసెక్కుల దాకా పోటెత్తింది. హెలికాప్టర్లు, డ్రోన్లు ఆహారం పొట్లాలు తెచ్చాయి. తేవాల్సిందే, అది సర్కారు బాధ్యత. మరి అవి వచ్చేదాకా? మాకు తెలిసిన ఒక ఇంట్లో డిగ్రీ చదివిన కుర్రాడు చార్జింగ్ అయిపోయిన ఫోను పట్టుకుని మేడమీద కూర్చున్నాడు. బడి ముఖం చూడని అతని తాత ఖాళీ డబ్బాలు తాడుతో బిగించి తెప్ప కట్టాడు. వెదురు గడతో లోతు చూసుకుంటూ పోయి మంచినీళ్ళు తెచ్చాడు. తప్పు చదువుది కాదు. ఆ ముడి వేయడం మనవడికి నేర్పకుండా వదిలేసిన మనదే.

ఎందుకు వదిలేశాం? సిగ్గుపడి. 1871లో తెల్లదొరలు తెచ్చిన నేరస్థ జాతుల చట్టం కింద ఎరుకల వాళ్ళను పుట్టుకతోనే దొంగలని రాశారు. 1952లో ఆ చట్టం పోయింది. అది నాటిన సిగ్గు మాత్రం పోలేదు. పిల్లవాడు వల కుట్టడం వచ్చని చెబితే తరగతిలో నవ్వుతారు. ఆ నవ్వును ఆపాల్సిన పంతుళ్ళం మనమే తల దించుకుంటాం.

"మళ్ళీ పిల్లల్ని ఎలుకలు పట్టుకు బతకమంటారా?" అని మన చదువుకున్న తమ్ముళ్ళే అడుగుతారు. అనం. ఆ పనిలో మన పెద్దలు పడ్డ వెట్టి, అప్పు మాకు తెలుసు. వెట్టి పోవాలి, విద్య నిలవాలి. తమిళనాడు ఇరుళలను చూడండి. పాములు పట్టే ఆ జాతి 1978లో సహకార సంఘం పెట్టుకుంది. పాము విషం తీసి మందుకు అమ్ముతారు, పామును తిరిగి అడవిలో వదులుతారు. 2023లో ఇద్దరు ఇరుళలకు పద్మశ్రీ వచ్చింది. విద్య అదే, దాని మీద హక్కు వాళ్ళ చేతికొచ్చింది.

కాబట్టి టీచర్లారా, ఏడాదికొక ప్రదర్శన చాలదు. వారానికొక పూట కావాలి. ఆ పూట పెద్దవాళ్ళను గురువులుగా పిలవండి, దక్షిణగా కూలి ఇవ్వండి. ఊతను వాడాక బురద కడిగి ఆరబెట్టి, పొయ్యి పైన అటకమీద పొగ తగిలేచోట పెడితే పురుగు పట్టదని వాళ్ళు చెబుతారు. నైలాన్ వలను ఎండలో వదిలేస్తే దారం పెళుసెక్కుతుందని, తెగిన కన్నును ఆ పూటే కుట్టకపోతే రేపు చేప కాదు, వలే పోతుందని చూపిస్తారు. ఈత తాడు కట్టి, పెద్దల కాపలాలోనే నేర్పండి. కాలువకు బలైన పిల్లలను మనం చాలామందిని చూశాం. పాములు పట్టడం నేర్పొద్దు, అది ప్రాణంతోనూ చట్టంతోనూ చెలగాటం. గుర్తుపట్టడం నేర్పండి. రక్తపింజరి కాటుకు మంత్రం కాదు, ఆసుపత్రే దారి అని నేర్పండి.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, ఈ కాలపు సామాను కూడా మన గూటిలో ఉండాలి. టార్చిలైటు, తాడు, నీళ్ళ డబ్బా, ప్లాస్టిక్ సంచిలో మడిచిన కుల ధ్రువపత్రం, ఆధార్, రేషన్ కార్డు. వరదలో కాగితం తడిస్తే మళ్ళీ మనం ఎవరమో రుజువు చేసుకోవడానికి ఎన్ని ఆఫీసులు తిరగాలో మనకంటే ఎవరికి తెలుసు?

వచ్చే ఆగస్టు 9న బల్లమీద కొత్త ఊత పెట్టకండి. బురద అంటిన ఊత పెట్టండి. మాసికలు వేసిన వల పెట్టండి. ఆ మాసిక వేసిన పిల్లను దాని పక్కన నిలబెట్టి, ఎలా వేసిందో ఆమెనే చెప్పనివ్వండి.