మీటరు చెప్పింది, ఫోర్మన్ విన్నాడా?

మొన్న శుక్రవారం మేము ఒక క్యాంపుకు వెళ్ళాం. గేటు లోపల పెద్ద బోర్డు కొత్తగా పెట్టారు. ఒకవైపు పచ్చని ఆకు బొమ్మ, పక్కన సోలార్ పలకల బొమ్మ, మధ్యలో ఇంగ్లీషులోనూ అరబ్బీలోనూ పెద్ద అక్షరాలతో 'సస్టైనబిలిటీ' అని ఉంది. బట్టలు ఆరేస్తున్న జగిత్యాల సోదరుడు ఒకాయన మమ్మల్ని చూసి, "అన్నా, నెల దినాలసంది చూస్తున్న. గా బోర్డు మీద ఏం రాసిన్రే?" అని అడిగాడు.

"కంపెనీ పది కాలాల పాటు నిలవాలంటే ఎలా నడుచుకోవాలో రాశారు తమ్ముడూ" అని చెప్పాం.

ఆయన నవ్వి, "కంపెనీ నిలుస్తది, మంచిదే. మరి గీ ఎండల మేం నిలవాలె గదనే?" అన్నాడు.

ఆ మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. ఈ వారం ఈ శీర్షికలో దానికే జవాబు వెతుకుదాం.

వ్యాపారం నిలకడగా సాగాలంటే కరెంటు, నీళ్ళు, డీజిలు వృథా కాకూడదు, చెత్త తగ్గాలి అని పెద్ద కంపెనీలు చెబుతున్నాయి. మంచి మాటే. కాదనం. అయితే సైటు మీద సిమెంటు, ఇనుము, క్రేను ఎంత ముఖ్యమో, వాటిని కదిలించే మనిషి అంతకంటే ముఖ్యం. మనిషిని అరగదీసి లాభం చూపించే కంపెనీ విత్తనాల వడ్లు వండుకు తిన్న రైతు లాంటిది. ఆ పూటకు కడుపు నిండుతుంది, మరుసటి పంటకు చేతిలో గింజ ఉండదు. మనిషిని కాపాడటానికి రెండు కావాలి. ఒకటి, ప్రమాదాన్ని ముందే చెప్పే యంత్రం. రెండోది, అది చెప్పిన మాట వినే నాయకుడు. ఎండ సంగతే తీసుకుంటే ఇది బాగా అర్థమవుతుంది.

టీవీలో ఈరోజు 45 డిగ్రీలు అంటారు. కానీ మన ఒంటికి తగిలే వేడి ఆ ఒక్క అంకెలో ఉండదు. మన ఇళ్ళలో మట్టికుండ సంగతి గుర్తు చేసుకోండి. పొడి గాలి వీచే ఎండాకాలంలో కుండ చెమర్చి నీళ్ళు చల్లబడతాయి. గాలిలో తేమ ఉండి ఉక్కపోసే రోజున అదే కుండలో నీళ్ళు అంతగా చల్లబడవు. మన ఒళ్ళూ అంతే. చెమట ఆరితేనే ఒళ్ళు చల్లబడుతుంది. గాలి నిండా తేమ ఉంటే చెమట కారుతుంది కానీ ఆరదు. అందుకే సముద్రం పక్క సైట్లలో ఆగస్టు నెలలో డిగ్రీలు తక్కువ చూపించినా ప్రాణం ఎక్కువ తల్లడిల్లుతుంది.

దీన్ని కొలిచే మీటరు ఒకటి ఉంది. దాని పేరు వెట్ బల్బ్ గ్లోబ్ టెంపరేచర్ మీటరు. అందులో మూడు కొలతలు ఉంటాయి. తడిగుడ్డ చుట్టిన థర్మామీటరు తేమ సంగతి చెబుతుంది, నల్లని గోళంలో ఉన్నది ఎండ తీవ్రత చెబుతుంది, మూడోది మామూలు గాలి వేడి చెబుతుంది. పది పాళ్ళలో ఏడు పాళ్ళు తడిగుడ్డ కొలతకు, రెండు నల్ల గోళానికి, ఒకటి మామూలు కొలతకు ఇచ్చి లెక్క కడతారు. కాబట్టి ఈ మీటరులో 32 అంటే టీవీలో చెప్పే 32 కాదు, చాలా ప్రమాదకరమైన వేడి. 1950లలో అమెరికా సైనిక శిక్షణ శిబిరాల్లో కుర్రాళ్ళు వడదెబ్బకు పడిపోతుంటే ఈ కొలత తయారు చేశారు. మీటరు ఫలానా అంకె దాటితే కవాతు ఆపాలని నియమం పెట్టారు. సైన్యంలోనే కవాతు ఆపగలిగినప్పుడు కాంక్రీటు పని ఆపలేమా?

ఆపగలమని ఖతార్‌లో తేలింది. ప్రపంచ కప్ ఫుట్‌బాల్ స్టేడియాలు కడుతున్న రోజుల్లో, 2019లో, అంతర్జాతీయ కార్మిక సంస్థ, ఖతార్ కార్మిక శాఖ కలిసి గ్రీసు దేశపు విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులతో ఒక పరిశీలన చేయించాయి. ఒక స్టేడియం సైటులోనూ ఒక పొలంలోనూ పనిచేసే కార్మికుల ఒంటి వేడిని 5 వేల గంటలకు పైగా పనిలో ఉండగానే కొలిచారు. దాని ఆధారంగా 2021లో కొత్త నియమం వచ్చింది. అంతకు ముందు ఎండపూట విరామం పగలు 11:30 నుంచి 3 వరకు, జూన్ 15 నుంచి ఆగస్టు 31 దాకా మాత్రమే ఉండేది. దాన్ని జూన్ 1 నుంచి సెప్టెంబరు 15 దాకా, ఉదయం 10 నుంచి మధ్యాహ్నం 3:30 వరకు పెంచారు. అంతే కాదు. ఏ నెలైనా, ఏ గంటైనా ఆ మీటరు 32.1 దాటితే బయటి పని ఆపాల్సిందే. ఎండ వల్ల ప్రాణానికి ముప్పు ఉందని అనిపిస్తే పని ఆపే హక్కు కూడా కార్మికుడికి ఇచ్చారు.

ఫలితం చూడండి. ఖతార్ రెడ్ క్రెసెంట్ వారి నాలుగు కార్మిక క్లినిక్కులకు ఎండ జబ్బులతో వచ్చినవాళ్ళు 2020 వేసవిలో 1,520 మంది. 2021లో 620 మంది. 2022లో 351 మంది. 2022 అంటే ప్రపంచ కప్ ముంచుకొచ్చిన ఏడాది. పని ఆగలేదు, స్టేడియాలు ఆగలేదు. ఆగింది మనుషులు పడిపోవడం.

ఇక నాయకుడి సంగతి. మీటరు కొనడం కంపెనీకి పెద్ద లెక్క కాదు. దాని మాట విని పని ఆపడమే కష్టం. కాంట్రాక్టు గడువు మీద కాంట్రాక్టరు ఇంజనీరును తరుముతాడు, ఇంజనీరు ఫోర్మన్‌ను తరుముతాడు, ఫోర్మన్ మన మీద అరుస్తాడు. మీటరు సేఫ్టీ ఆఫీసు గోడకు వేలాడుతూ ఉంటుంది. అలాంటి సైట్లు మేము చూశాం. ఇంకో రకం సైట్లూ చూశాం. అక్కడ కాంక్రీటు పోయడం రాత్రికి మార్చుకుంటారు. బరువు పని తెల్లవారుజామునే ముగిస్తారు. నీడ పందిరి పని జరిగే చోటికే కదులుతుంది. నీళ్ళ డబ్బా నాలుగో అంతస్తులో కూడా ఉంటుంది. మీటరు అంకె అందరికీ కనబడేలా బోర్డు మీద రాస్తారు. రెండు చోట్లా ఉన్నది అదే మీటరు. తేడా అంతా పైనున్న మనిషిలో ఉంది.

"ఇలా ఆపుకుంటూ పోతే కంపెనీకి నష్టం కాదా?" అని కొందరు అడుగుతారు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2019లో వేసిన లెక్క ప్రకారం, వేడి వల్ల 2030 నాటికి ప్రపంచం మొత్తం పని గంటల్లో 2.2 శాతం పోతుంది. అది 8 కోట్ల పూర్తికాలపు ఉద్యోగాలతో సమానం. అంటే మనం ఆపకపోయినా వేడి ఎలాగూ పనిని ఆపుతుంది. మనం ఆపితే మనిషి మిగులుతాడు, అది ఆపితే మనిషి మిగలడు. మధ్య అమెరికాలోని నికరాగువాలో చెరకు కోసే యువకులకు కిడ్నీలు పాడవుతుంటే, ఎన్నో ఏళ్ళ విమర్శల తర్వాత అక్కడి ఒక చక్కెర మిల్లు నీళ్ళు, విశ్రాంతి, నీడ అనే మూడింటినీ పద్ధతిగా అమలు చేసింది. కిడ్నీ దెబ్బతినే వాళ్ళ సంఖ్య బాగా తగ్గింది. చెరకు కోత మాత్రం పడిపోలేదు. మన శ్రీకాకుళం జిల్లా ఉద్దానం సోదరులకు ఈ మాట మేము ప్రత్యేకంగా చెబుతున్నాం. ఉద్దానం కిడ్నీ జబ్బుకు ఒకే కారణమని వైద్యులు తేల్చలేదు. కానీ ఆ ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళు ఇక్కడి ఎండలో నీళ్ళు తాగకుండా పనిచేయడం ఎంత మాత్రం మంచిది కాదు.

ఇప్పుడు మీ దేశంలో నియమం ఏమిటో తెలుసుకోండి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబరు 15 దాకా పగలు 12:30 నుంచి 3 వరకు ఎండలో పని చేయించకూడదు. చేయిస్తే మనిషికి 5,000 దిర్హాముల చొప్పున 50,000 దాకా జరిమానా. 600590000 నంబరుకు ఫోన్ చేసి చెప్పవచ్చు. సౌదీలో అవే తేదీల్లో 12 నుంచి 3 వరకు. కువైట్‌లో జూన్ 1 నుంచి ఆగస్టు 31 దాకా 11 నుంచి 4 వరకు. ఒమన్‌లో జూన్, జూలై, ఆగస్టు నెలల్లో 12:30 నుంచి 3:30 వరకు. బహ్రెయిన్‌లో 12 నుంచి 4 వరకు, 2025 నుంచి దీన్ని మూడు నెలలకు పెంచారు.

తప్పంతా కంపెనీదే అని మేము అనడం లేదు. ఓవర్‌టైమ్ ఆశతో విరామంలో కూడా పని అడిగేవాళ్ళు మనలో ఉన్నారు. బాత్రూము దూరమని నీళ్ళు తాగనివాళ్ళూ ఉన్నారు. ఊళ్ళో అప్పు వడ్డీ పెరుగుతుంటే ఎవరికైనా ఆ ఆశ పుడుతుంది, మాకు తెలుసు. అయినా ఒక మాట చెప్పక తప్పదు. ఇక్కడ ఎండకు కుప్పకూలిన చాలా మంది కాగితాల్లో 'గుండె ఆగి మరణం', 'సహజ మరణం' అని రాస్తారు. మన ప్రవాసీ భారతీయ బీమా యోజనలో 10 లక్షల రూపాయలు ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పనికి దూరమైనా వస్తాయి. సహజ మరణం అని రాస్తే ఆ సొమ్ము రాదు. ఇంటికి పెట్టె చేరుతుంది, అప్పు అలాగే ఉంటుంది.

అందుకని, పదిహేను ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీళ్ళు తాగండి, దాహం వేసే దాకా ఆగవద్దు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తే ఒంట్లో నీళ్ళు చాలడం లేదని అర్థం. కొత్తగా వచ్చిన తమ్ముళ్ళను కనిపెట్టి ఉండండి. ఎండదెబ్బ చావుల్లో ఎక్కువ భాగం పనిలో చేరిన మొదటి వారంలోనే జరుగుతాయని అమెరికా కార్మిక శాఖ చెబుతోంది. కొత్తవాడికి మొదటి రోజు ఎండలో ఐదో వంతు పని చాలు, రోజుకు కొంత పెంచాలి. సెలవు నుంచి తిరిగి వచ్చిన పాత మనిషి కూడా మొదటి రోజు సగం పనితో మొదలుపెట్టాలి. పక్కవాడు తడబడుతూ మాట్లాడినా, పొంతన లేకుండా అరిచినా, తూలి పడినా అది తాగుడో బద్ధకమో అనుకోవద్దు. నీడకు తెచ్చి, ఒంటి మీద నీళ్ళు పోసి, గాలి తగలనిచ్చి, వెంటనే అంబులెన్సు పిలవండి.

చివరిగా మన తెలుగు ఫోర్మన్లకు, ఛార్జ్‌హ్యాండ్లకు ఒక విన్నపం. మీ పైవాడు గడువు అడుగుతాడు, నిజమే. కానీ మీ గ్యాంగులో ఉన్న ఇరవై మందిలో ఎవరికి బీపీ ఉందో, ఎవరు రాత్రి నిద్రపోలేదో ఏ మీటరూ చెప్పదు. అది మీకే తెలుస్తుంది. మీరు ఒకసారి "ఆపండి" అంటే సైటంతా వింటుంది.

జగిత్యాల తమ్ముడికి వచ్చే శుక్రవారం మేము చెప్పబోయే జవాబు ఇదే. ఆ బోర్డు మీద రాసింది నిజమో కాదో తెలుసుకోవాలంటే సోలార్ పలకలు లెక్కపెట్టనక్కర లేదు. మీటరు అంకె దాటిన నిమిషంలో మీ సైటులో పని ఆగిందో లేదో చూస్తే చాలు.