విమానాశ్రయానికి యోగ్యతాపత్రం: ప్రయాణికులు అడగవలసిన ప్రశ్నలు

గల్ఫ్ దేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు విమానాశ్రయం ఇంటి వీధిగుమ్మం వంటిది. పెళ్ళికి వెళ్ళినా, పురుటికి వెళ్ళినా, ఆఖరి చూపుకు వెళ్ళినా ఆ గుమ్మం దాటవలసిందే. స్వదేశం నుండి వచ్చిన పెద్దలకు దుబాయి టెర్మినల్ లోని తళతళలాడే నేలను, బారులు తీరిన దుకాణాలను చూపి సంతోషించడం పరిపాటి. అయితే విమానచక్రాలు నేలను తాకే క్షణంలో ప్రాణరక్షణ చేసేవి ఈ హంగులు కావు. రన్‌వే మీది గరుకుదనం, దాని చివర విడిచిపెట్టిన ఖాళీ నేల, నిమిషాలలో చేరుకోగల అగ్నిమాపక దళం ఆ పని చేస్తాయి. వీటిని పరీక్షించి "ఇక్కడ విమానం దిగవచ్చు" అని ధ్రువీకరించేది ఎవరు? ఆ ధ్రువీకరణకు గల విలువ ఎంత? ఏడాదికొకసారి సకుటుంబంగా విమానమెక్కే వారందరికీ సంబంధించిన ప్రశ్నలివి.

ఈ ప్రాంతంలో విమానయానం అతి నిరాడంబరంగా ఆరంభమయింది. 1932లో ఇంగ్లండు నుండి భారతదేశానికి సాగే ఇంపీరియల్ ఎయిర్‌వేస్ విమానాల మజిలీగా షార్జాలో ఇసుకనేల మీద ఒక విమానస్థలం, దాని పక్కన ప్రయాణికుల విడిదిగా ఒక కోట వెలిశాయి. 1960 సెప్టెంబరు 30న దుబాయి విమానాశ్రయం ప్రారంభమైనప్పుడు దాని రన్‌వే 1,800 మీటర్ల పొడవున గట్టిపరచిన ఇసుక మాత్రమే. తారు రన్‌వే 1965లో వచ్చింది. నేడు అదే చోట నాలుగు కిలోమీటర్లు మించిన రన్‌వేలు రెండున్నాయి. విమానాలు పెరిగిన కొద్దీ, పైలట్ కంటిచూపు మీద, స్థానికుల అనుభవం మీద ఆధారపడిన భద్రత చాలక, రాతపూర్వకమైన ప్రమాణాలు అవసరమయ్యాయి.

ఆ ప్రమాణాలకు మూలం 1944 డిసెంబరు 7న కుదిరిన చికాగో ఒడంబడిక. దాని ఫలితంగా ఏర్పడిన అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ, అనగా ఐ.సి.ఎ.ఓ., విమానాశ్రయాల కొలతలను, దీపాలను, గుర్తులను నిర్దేశిస్తూ 14వ అనుబంధాన్ని 1951లో ఆమోదించింది. ఆశ్చర్యకరమైన విషయమేమంటే, అంతర్జాతీయ విమానాశ్రయాలకు ప్రభుత్వ ధ్రువీకరణ తప్పనిసరి అన్న నియమం అమలులోకి వచ్చినది 2003 నవంబరు 27న. అర్ధశతాబ్దం పాటు ప్రమాణాలున్నాయి గాని, వాటిని పాటిస్తున్నట్లు ప్రతి విమానాశ్రయం చేతా రుజువు చేయించే అంతర్జాతీయ నిబంధన లేదు.

ఐక్య అరబ్ ఎమిరేట్లలో ఈ బాధ్యత జనరల్ సివిల్ ఏవియేషన్ అథారిటీది. 1991లో వచ్చిన 20వ సమాఖ్య చట్టం పౌర విమానయానానికి పునాది వేయగా, 1996లో ఈ సంస్థ ఏర్పడింది. విమానాశ్రయానికి అనుమతినిచ్చే విధానం ఐ.సి.ఎ.ఓ. మార్గదర్శకాలలో ఐదు మెట్లుగా ఉంటుంది: నిర్వాహకులు తమ ఉద్దేశాన్ని తెలియజేయడం, లాంఛనమైన దరఖాస్తును పరిశీలించడం, సౌకర్యాలను, పరికరాలను స్వయంగా తనిఖీ చేయడం, యోగ్యతాపత్రాన్ని ఇవ్వడం లేదా నిరాకరించడం, ఆ సంగతిని వైమానిక సమాచార గ్రంథంలో ప్రకటించడం.

వీటన్నిటికీ కేంద్రబిందువు విమానాశ్రయ నిర్వహణ గ్రంథం. స్థల వివరాలు, రన్‌వే కొలతలు, పైలట్లకు అందవలసిన సమాచారం, నిత్య తనిఖీలు, పక్షుల బెడద నివారణ, అత్యవసర ప్రణాళిక, బాధ్యుల పదవులు అన్నీ అందులో ఉండాలి. ఒక విధంగా అది నిర్వాహకుడు ప్రభుత్వానికి రాసి ఇచ్చే వాగ్దానపత్రం. తనిఖీ అధికారి చేసే పని, ఆ వాగ్దానాన్ని నేల మీది వాస్తవంతో సరిపోల్చడం.

ఈ ప్రమాణాలలోని సూక్ష్మతకు ఒక ఉదాహరణ అగ్నిమాపక శ్రేణి. అది విమానం పొడవును బట్టి నిర్ణయమవుతుంది. అయితే ఆ శ్రేణికి నిర్దేశించిన వెడల్పును విమానదేహం మించితే ఒక శ్రేణి పైకి జరపాలి. ఏ380 విమానం పొడవు సుమారు 73 మీటర్లు. ఆ లెక్కన అది 9వ శ్రేణికి చెందాలి. కాని దాని దేహం వెడల్పు 7 మీటర్లను కొద్దిగా మించినందున 10వ శ్రేణి రక్షణ కావలసి వస్తుంది. అగ్నిమాపక వాహనం రన్‌వే ఏ కొసకైనా 3 నిమిషాలలోపు చేరాలి, 2 నిమిషాలు లక్ష్యం కావాలి. కొద్ది సెంటీమీటర్ల తేడా నీటి పరిమాణాన్ని, నురుగు పరిమాణాన్ని, వాహనాల సంఖ్యను మారుస్తుంది.

ఎమిరేట్ల ఏర్పాటులో మెచ్చదగిన లక్షణం ఒకటి ఉంది. విమానాశ్రయాలు ఆయా ఎమిరేట్ ప్రభుత్వాలకు చెందిన సంస్థల చేతిలో ఉన్నాయి. యోగ్యతాపత్రం ఇచ్చేది సమాఖ్య సంస్థ. పరీక్ష రాసేవాడు, దిద్దేవాడు వేర్వేరు ఇళ్ళవారు. అలాగని ఈ ఏర్పాటు నిర్దోషమైనదనలేము. అబూధాబిలోని షేక్ జాయెద్ వైమానిక కేంద్రం ద్వారా గగనతల నియంత్రణ సేవను నడిపేది కూడా ఆ సమాఖ్య సంస్థే. అక్కడ సేవకుడు, పరీక్షకుడు ఒకే గొడుగు కింద ఉన్నారు. ఆ రెండు పాత్రలనూ పూర్తిగా వేరు చేయడమే సమంజసం.

భారతదేశంలో యోగ్యతాపత్రాన్ని ఇచ్చే డి.జి.సి.ఎ., అనేక విమానాశ్రయాలను నడిపే ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ రెండూ ఒకే మంత్రిత్వశాఖ కింద ఉన్నాయి. ఇది గల్ఫ్ ప్రవాసులు ప్రత్యేకంగా ఆలోచించవలసిన సంగతి, ఎందుకంటే వారు మోసిన విషాదాలు రెండున్నాయి. 2010 మే 22న దుబాయి నుండి వెళ్ళిన ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ విమానం మంగళూరులో రన్‌వే దాటిపోయి లోయలో పడగా, అందులోని 166 మందిలో 158 మంది మరణించారు. 2020 ఆగస్టు 7న దుబాయి నుండే వెళ్ళిన మరొక విమానం కోళికోడ్‌లో అదే విధంగా జారి 190 మందిలో 21 మందిని బలిగొన్నది. రెండూ కొండను చదును చేసి నిర్మించిన విమానాశ్రయాలే.

రెండు సందర్భాలలోనూ దర్యాప్తులు పైలట్ తప్పిదాన్నే ప్రధాన కారణంగా తేల్చాయి. మంగళూరులో సహపైలట్ హెచ్చరించినా దిగే ప్రయత్నాన్ని విరమించలేదు. కోళికోడ్‌లో దాదాపు సగం రన్‌వే గడిచాక చక్రాలు నేలను తాకాయి. కనుక విమానాశ్రయాన్ని తప్పుపట్టడమెందుకని కొందరు వాదిస్తారు. ఈ వాదం సగమే నిజం. మనిషి పొరపాటు చేస్తాడన్న ఎరుకతోనే రన్‌వే చివర రక్షణస్థలం ఉండాలని నియమం పెట్టారు. రన్‌వే చివర 60 మీటర్ల పట్టీ తరువాత కనీసం 90 మీటర్లు తప్పనిసరి. పెద్ద రన్‌వేలకు 240 మీటర్లు వాంఛనీయం. మంగళూరులో నాడు ఉన్నది 90 మీటర్లే. పైగా దానిని దాటిన విమానం, దిశానిర్దేశక యాంటెన్నాను మోసే కాంక్రీటు కట్టడానికి తగిలింది. రన్‌వే ముంగిట తప్పనిసరిగా ఉండే వస్తువులు తాకిడికి విరిగిపోయేలా ఉండాలన్నది ప్రమాణాల సారం. కోళికోడ్‌లో 240 మీటర్లున్నా విమానం ఆగలేదు. అనగా యోగ్యతాపత్రం రక్షణకు ఒక పొర మాత్రమే. ఆ పొర పలుచనైతే తక్కిన పొరల మీద భారం పెరుగుతుంది.

ఎమిరేట్లకు కూడా పరీక్షలు తప్పలేదు. 2016 ఆగస్టు 3న తిరువనంతపురం నుండి వచ్చిన ఎమిరేట్స్ విమానం దుబాయి రన్‌వే మీద కూలి మంటలు చెలరేగాయి. లోపలి 300 మందీ బయటపడ్డారు. వారి కోసం పోరాడిన అగ్నిమాపక సిబ్బందిలో ఒకరు ఇంధనపు తొట్టె పేలుడులో అసువులు బాశారు. 2020లో వెలువడిన తుది నివేదిక విమాన సిబ్బంది లోపాలతో పాటు అగ్నిమాపక శిక్షణ గురించి కూడా సిఫారసులు చేసింది. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో ఒక్క దినాన 140 మిల్లీమీటర్లకు పైగా వర్షం కురిసి, విమానాలు నీటిలో నడిచాయి. వెయ్యికి పైగా సర్వీసులు రద్దయ్యాయి. ఎడారి వానలను లెక్కించి కట్టిన కాలువలకు ఆ నీరు అందలేదు. నిన్నటి వాతావరణానికి ఇచ్చిన యోగ్యత రేపటికి చాలదని దీని తాత్పర్యం.

ఈ పరిస్థితిలో కోరదగిన సంస్కరణ ఒకటున్నది. ప్రమాదం జరిగిన తరువాత నివేదిక ప్రజల ముందుకు వస్తుంది. ప్రమాదానికి ముందే తనిఖీలో బయటపడిన లోపాలు మాత్రం సాధారణంగా అధికారుల అలమరాలు దాటవు. భద్రతారహస్యాలను మినహాయించి, ప్రతి విమానాశ్రయానికీ ఏ ప్రమాణం నుండి సడలింపు ఇచ్చారో, ఎంత గడువు ఇచ్చారో, దిద్దుబాటు జరిగిందో లేదో ఏటా ప్రకటించాలి. విమానాశ్రయం పేరు పోతుందన్న భయం ఉండవచ్చు. కాని మంగళూరు, కోళికోడ్‌లలో పోయినవాటి ముందు అది స్వల్పం.

తెలుగు రాష్ట్రాలలో కొత్త విమానాశ్రయం అనగానే టెర్మినల్ నమూనా చిత్రం పత్రికలకెక్కుతుంది. దుబాయికి నేరుగా సర్వీసు వేయించమని విజ్ఞప్తులు చేసే ప్రవాస సంఘాలు, రన్‌వే చివర ఎంత నేల విడిచారు, అగ్నిమాపక శ్రేణి ఎంత, వాన నీటికి దారి ఎటు అన్న మూడు ప్రశ్నలను ఆ విజ్ఞప్తికి జతచేయడం ఎంతైనా అవసరం. ప్రయాణికులకు కూడా తమ వంతు ఉంది. 2016 నాటి ఆ ప్రమాదంలో మంటల మధ్య సంచుల కోసం చేతులు చాచినవారు కనిపించారు. అగ్నిమాపక వాహనానికి నియమం ఇచ్చిన గడువు మూడు నిమిషాలు. ఆ మూడు నిమిషాలలో సామాను వదలి దిగిపోవాలని పిల్లలకు ఇంటివద్దనే నేర్పడం, ఏ అధికారసంస్థా ఇవ్వలేని రక్షణను కుటుంబమే కల్పించుకోవడం.