ముందు కట్టిందెవరు?

నిట్ ఎదురుగా జిరాక్స్ షాపులో పది నిమిషాలు నిలబడితే వరంగల్ చదువుల సంగతి సగం తెలిసిపోతుంది. మొన్న ఏదో కాగితం కాపీ తీయించుకుందామని వెళ్తే నాకంటే ముందు ఒక పిల్లాడున్నాడు. చేతిలో ప్లాస్టిక్ కవరు, అందులో కులం, ఆదాయం, బోనఫైడ్. షాపాయన కంప్యూటర్లో స్కాలర్‌షిప్పుల సైటు ఈపాస్ తెరిచి చూశాడు.

"శాంక్షన్ అయినట్టే చూపిస్తుంది గద తమ్మీ."

"పోయినేడు గూడ గట్లనే చూపెట్టిందన్నా. పైసలు పడలేదని కాలేజోళ్లు టీసీ ఇస్తలేరు. కట్టి తీస్కపో అంటున్నరు."

ఏ కాలేజీ అని నేనడగలేదు. పేరు తీసేసి చూస్తే ఆ కథ ఏ కాలేజీకైనా అతుకుతుంది.

ఈ ఫీజు రీయింబర్స్‌మెంట్ అనే మాట మీదే నాకు మొదటినుంచీ అనుమానం. ఒకరు ముందు కడితే ఇంకొకరు తర్వాత తిరిగివ్వడం దాని అర్థం. మరి ముందు కట్టిందెవరు? 2008లో వైఎస్ రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ పథకాన్ని విస్తరించాక ఎన్నో ఇళ్లలో మొదటి ఇంజనీరు పుట్టాడు, అది కాదనలేం. కానీ పిల్లాడు కట్టలేడనే కదా పథకం పెట్టింది. సర్కారేమో సకాలంలో కట్టదు. ట్రెజరీలో టోకెన్ పడుతుంది, పైసలు పడవు. మధ్యలో కాలేజీ చేతికి దొరికేది పిల్లాడి సర్టిఫికెట్ ఒక్కటే. 2025 నవంబరు మొదటివారంలో బకాయిల కోసం ప్రైవేటు కాలేజీలు బంద్ పెట్టాయి. వాళ్ల గోడు అబద్ధం కాదు. కాకపోతే యాజమాన్యం బంద్ పెట్టగలదు, ఈ పిల్లాడు ఏం బంద్ పెట్టాలి?

పైగా లెక్క కూడా పాతదే. ఎంసెట్‌లో పది వేల ర్యాంకు దాటిన బీసీ విద్యార్థికి ఇచ్చేది 35,000 రూపాయలని ఉమ్మడి రాష్ట్రంలోనే రాసుకున్నారు. 2022లో ఫీజుల నియంత్రణ కమిటీ ఇంజనీరింగ్‌కు కనీస ఫీజే 45,000 చేసింది. అంటే అన్నిటికంటే చవక కాలేజీలో చేరినా ఏటా పది వేలు ఇంట్లోంచి తేవాలి. ఆ మిగిలిన 35,000 అయినా ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు.

అదే జిరాక్స్ షాపు నుంచి రోడ్డు దాటితే కథ వేరు. 1959లో నెహ్రూ పునాదిరాయి వేసిన పాత ఆర్ఈసీ, ఇప్పటి నిట్. 2016లో దేశంలోని నిట్‌లన్నిటిలో ట్యూషన్ ఫీజును ఏటా 70,000 నుంచి 1,25,000కు పెంచారు. ఆ పెంపు నాకు నచ్చలేదు, ఇప్పటికీ నచ్చదు. అయితే దాంతోపాటే ఒక పని చేశారు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు ట్యూషన్ ఫీజు లేదు. ఇంటి ఆదాయం లక్ష లోపుంటే పూర్తి మాఫీ, అయిదు లక్షల లోపుంటే మూడింట రెండొంతులు మాఫీ. తగ్గింపు బిల్లులోనే పోతుంది. కట్టి, కాగితాలు పెట్టుకుని, ట్రెజరీ వైపు చూస్తూ కూర్చునే పని లేదు. ఒకే రోడ్డుకు అటూ ఇటూ ఇంత తేడా.

ఇక ఇంకాస్త ముందుకెళ్తే విద్యారణ్యపురిలో కాకతీయ విశ్వవిద్యాలయం. ఉస్మానియా పీజీ సెంటరుగా ఉన్నది 1976లో యూనివర్సిటీ అయింది. ఫీజు గొడవలో దీనికేం పని అనుకుంటారేమో, అసలు పని ఇక్కడే ఉంది. ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలు పట్టుకోవద్దని యూజీసీ 2018లోనే చెప్పింది. అనుబంధ కాలేజీ మాట వినకపోతే చెవి మెలిపెట్టాల్సింది వర్సిటీ. వర్సిటీ మెలిపెట్టాలంటే అక్కడ వైస్ ఛాన్స్‌లర్ ఉండాలి కదా!

2019 జూలైలో వీసీ పదవీకాలం ముగిస్తే మళ్లీ పూర్తికాలపు వీసీ వచ్చింది 2021 మేలో. దాదాపు రెండేళ్లు ఇన్‌చార్జి పాలనే. 2024 మే 21న రాష్ట్రంలో వీసీల గడువు ఒకేసారి తీరింది. మళ్లీ ఐఏఎస్‌లే ఇన్‌చార్జులు. సచివాలయంలో తమ శాఖ పని చూసుకుంటూ 140 కిలోమీటర్ల దూరంలోని వర్సిటీ ఫైళ్లు చూడాలి వాళ్లు. ఆ అధికారుల్ని అనను. రెండు పడవల మీద కాళ్లు పెట్టించింది వాళ్లు కాదు. ఇన్‌చార్జి రోజువారీ సంతకాలు పెడతారు, కాలేజీ యాజమాన్యంతో తగువు మాత్రం పెట్టుకోరు. రేపు వచ్చే వీసీ చూసుకుంటారులే అని ఫైలు మీద ఫైలు పేరుస్తారు. చివరికి అక్టోబరు 18న తొమ్మిది వర్సిటీలకు ఒకేసారి వీసీల్ని ప్రకటించారు. కాకతీయకు ప్రొఫెసర్ కె. ప్రతాప్‌రెడ్డి వచ్చారు.

వీసీ పదవీకాలం మూడేళ్లు. కుర్చీలో కూర్చున్న రోజే దిగే తేదీ తెలుస్తుంది. వరదా భూకంపమా, చెప్పకుండా రావడానికి? ఫీజు కట్టడం ఒక్కరోజు ఆలస్యమైతే పిల్లాడికి ఫైన్ వేసే వ్యవస్థ, అయిదు నెలలు కుర్చీ ఖాళీగా ఉంచినందుకు ఎవరికీ ఫైన్ వేయలేదు.

ప్రతాప్‌రెడ్డి గారి గడువు 2027 అక్టోబరులో తీరుతుంది. కొత్త వీసీని ఎంచే సెర్చ్ కమిటీ ఫైలు ఆ ఏడు సంక్రాంతికి కదిలితే సరిపోతుంది. దసరాకు కదిలితే జిరాక్స్ షాపు దగ్గర లైను ఇంకా పెరుగుతుంది.