ఆసుపత్రిని మేం ఎంచుకోలేదు, అదే మమ్మల్ని ఏరింది

"ఆయుష్మాన్ కార్డు చేతిలో ఉంటే జాబితాలో ఉన్న ఏ ఆసుపత్రికైనా వెళ్ళొచ్చు, ఎంపిక మీదే." ఈ మాట నేనూ నమ్మాను. నమ్మి, మా అమ్మకి అయిదు రోజులు నరకం చూపించాను. అందుకే ఇది రాస్తున్నాను.

మాది యానాం. అక్కణ్ణించి పుదుచ్చేరి ఎనిమిది వందల కిలోమీటర్ల పైమాటే. ప్రభుత్వం మాత్రం ఒక్కటే. మా నాన్నకి ఇక్కడ పర్మనెంటు కాని ఉద్యోగం దొరికితే అందరం వచ్చేశాం. నాన్న పోయాక అమ్మ ఇళ్ళల్లో పాచిపని చేసింది. నేను కువైట్ వెళ్ళి తొమ్మిదేళ్ళయింది. అక్కడ ఒక ముసలావిణ్ణి చూసుకోవడం నా పని. నెల్లితోపులోని అద్దె ఇంట్లో అమ్మ, ప్లస్ టూ చదివే మా అమ్మాయి ఉంటారు. పరాయి తల్లికి మందులు మింగించి, సొంత తల్లిని ఫోన్లో చూసుకునే బతుకు. కోనసీమ ఆడవాళ్ళకి ఇది కొత్తగా చెప్పక్కర్లేదు.

ఒకరోజు తెల్లారుజామున మా అమ్మాయి ఫోను. "అమ్మా, అమ్మమ్మ కొళాయి దగ్గర జారిపడింది. కాలు కదపలేకపోతోంది." తుంటి ఎముక విరిగింది. కువైట్‌లో అప్పటికి ఇంకా అర్ధరాత్రి దాటి రెండే. ఫోన్లో జాబితా తెరిచాను. అద్దాల భవనం, లిఫ్టు, ఏసీ గదుల ఫొటోలు ఉన్న ఒక ప్రైవేటు ఆసుపత్రిని ఎంచుకున్నాను. నిజం చెప్పాలంటే అందులో గర్వం కూడా ఉంది. ఇన్నేళ్ళు కువైట్‌లో చాకిరీ చేసిన కూతురు తల్లిని ధర్మాసుపత్రికి పంపుతుందా అనుకున్నాను.

అక్కడ మొదటి ప్రశ్న నొప్పి ఎక్కడని కాదు. "కార్డు కేసా?" కార్డు కేసయితే వేరే కౌంటరు, వేరే వరస. రెండో ప్రశ్న, "ఏ ఏరియా?" ఇల్లెక్కడో చెప్పగానే గొంతులు ఎలా మారతాయో మనకి ఎవరూ విడమరిచి చెప్పక్కర్లేదు. తర్వాత వేలిముద్ర. ముప్పై ఏళ్ళు గిన్నెలు తోమిన వేళ్ళమీద గీతలు ఎక్కడుంటాయి? మిషను ఒప్పుకోలేదు. ఓటీపీ పంపుతామన్నారు. ఆధార్‌కి కలిపిన నంబరు నాది. నేను కువైట్ వెళ్ళాక రీచార్జి లేక ఆ సిమ్ ఎప్పుడో చచ్చిపోయింది. ఓటీపీ రాలేదు. ఎముక మాత్రం విరిగే ఉంది.

"అప్రూవల్ వచ్చేదాకా నలభై వేలు కట్టండి, తర్వాత తిరిగిస్తాం" అన్నారు. నా నెల జీతం కంటే ఎక్కువ. తోటి ఆడవాళ్ళ దగ్గర అప్పుచేసి పంపాను. మూడో రోజు, "ప్యాకేజీలో మంచి ఇంప్లాంటు రాదు, తేడా మీరు పెట్టుకోవాలి" అన్నారు. నాలుగో రోజు, "కార్డు పడకలు ఖాళీ లేవు" అన్నారు. ఈ మూడు మాటల్లో ఒక్కటీ కాగితం మీద రాసివ్వలేదు.

అయిదో రోజు పక్కింటి తమిళ అక్క వచ్చింది. ప్రభుత్వ ఆసుపత్రిలో కాంట్రాక్టు మీద ఊడ్చే పని ఆమెది. "మీ అమ్మని ఇంకా అక్కడే పెడతావా" అని ఫోన్లో నన్ను తిట్టి, దగ్గరుండి అమ్మని ప్రభుత్వ ఆసుపత్రికి చేర్చింది. అక్కడ ఒక రాత్రి వరండాలోనే గడిచింది. దోమలు, జనం, కసుర్లు అన్నీ ఉన్నాయి. కానీ తర్వాతి రెండు రోజుల్లో ఆపరేషన్ అయింది. అమ్మ ఇప్పుడు కర్ర పట్టుకుని నడుస్తోంది. కట్టిన నలభై వేలల్లో సగం కూడా వెనక్కి రాలేదు.

ఇది ఒక ఇంటి కష్టమే అయితే ఇక్కడ రాసేదాన్ని కాదు.

ప్రధానమంత్రి జన ఆరోగ్య యోజన 2018 సెప్టెంబరు 23న మొదలైంది. కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా నగదు లేని వైద్యం. నిబంధనల ప్రకారం మందులు, పరీక్షలు, ఇంప్లాంటు ప్యాకేజీలోనే. డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు కూడా అందులోనే. రోగి దగ్గర డిపాజిట్ అడగకూడదు. కాగితం మీద ఇంత చక్కగా ఉంది. మరి జరుగుతున్నదేమిటి? 2023 ఆగస్టులో పార్లమెంటు ముందుకొచ్చిన కాగ్ నివేదిక చూడండి. జాబితాలోని ఆసుపత్రులు రోగుల దగ్గర డబ్బు వసూలు చేసిన సంగతి అందులో ఉంది. దాదాపు ఏడున్నర లక్షల మంది లబ్ధిదారుల పేర్లు ఒకే ఒక్క ఫోను నంబరుకి, పది తొమ్మిదుల నంబరుకి, కలిపి ఉన్నాయనీ ఉంది. అంటే ఫోను లేనివాళ్ళు, ఉన్నా దూరాన ఉన్నవాళ్ళు అనే మనుషులు ఈ లెక్కల్లో ఎక్కడా లేరు.

అసలు ఈ కార్డు ఎవరికిచ్చారు? 2011 సామాజిక ఆర్థిక కుల గణన ఆధారంగా మొదట అర్హుల్ని తేల్చారు. పల్లెల్లో ఎస్సీ, ఎస్టీ కుటుంబం కావడమే ఒక అర్హత. పట్నాల్లో పాచిపని, పారిశుధ్యం, చెత్త ఏరడం వంటి 11 రకాల పనులు చేసేవాళ్ళు అర్హులు. అంటే మన కులాన్ని, మన పనిని చూసే కార్డిచ్చారు. తప్పు లేదు, వెనక్కి నెట్టినవాళ్ళకే ముందు అందాలి. కానీ ఆ కార్డుని ప్రైవేటు కౌంటరు ముందు పెట్టగానే అది హక్కు పత్రంగా పనిచెయ్యదు. మనం ఎవరిమో ఆ గుమస్తాకి చెప్పే గుర్తుగా పనిచేస్తుంది. ఏ కేసులో లాభం ఉందో, ఏ కేసులో లేదో అతనికి తెలుసు. లాభం ఉన్నవాణ్ణి లోపలికి పిలుస్తాడు, లేనివాడికి పడకలు లేవంటాడు. ఇక్కడ ఎంచుకుంటున్నది ఎవరు? మనమా, ఆసుపత్రా?

కువైట్ సంగతి చెప్పి మన దేశాన్ని చిన్నబుచ్చుతున్నానని కొందరు అనొచ్చు. కువైట్ కూడా స్వర్గమేమీ కాదు. విదేశీయులకి ఆరోగ్య బీమా తప్పనిసరి చేస్తూ అక్కడ 1999లో చట్టం తెచ్చారు. 2013లో జహ్రా ఆసుపత్రిలో ఉదయం ఔట్‌పేషెంట్ కువైటీలకే, విదేశీయులు సాయంత్రం రావాలని ప్రయోగంగా మొదలుపెట్టారు. వలస కూలీకి వేరే పూట అన్నమాట. అది చూసి మన దేశంలో ఎంతమంది అన్యాయమన్నారో. మరి "కార్డు కేసు"కి వేరే కౌంటరు పెడితే అది అన్యాయం ఎందుకు కాలేదు? వేరే గ్లాసు, వేరే బావి చూసినవాళ్ళం. వేరే వరసని గుర్తుపట్టలేమా?

ఇక్కడ బాబాసాహెబ్‌ని గుర్తు చేసుకోవాలి. ఆయన్ని రాజ్యాంగానికే పరిమితం చేసి మాట్లాడతాం. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్‌లో కార్మిక శాఖ సభ్యుడు. కార్మికుల ఆరోగ్య బీమా మీద అదార్కర్ నివేదిక 1944లో వచ్చింది ఆయన హయాంలోనే. దాని పునాది మీదే 1948లో ఈఎస్ఐ చట్టం వచ్చింది. ఆ బీమాకి ఒక లక్షణం ఉంది. వసూలైన సొమ్ముతో డిస్పెన్సరీలు, ఆసుపత్రులు కట్టింది. లోపాలు లేవని కాదు. ఇళ్ళల్లో పనిచేసే మా అమ్మలాంటివాళ్ళకి అందులో చోటే లేకుండా పోయింది. అయినా ఆ దారి వేరు. అప్పటి బీమా ఆసుపత్రిని కట్టింది. ఇప్పటి బీమా ప్రైవేటు వాళ్ళ పడకని అద్దెకి తీసుకుంటోంది. అద్దె చాలదనుకుంటే యజమాని తలుపు వేసుకుంటాడు.

"ప్రభుత్వ ఆసుపత్రుల్లో తిప్పి పంపరా?" అని అడుగుతారు. పంపుతారు. బెంగాల్లో రైల్లోంచి పడి తలకి దెబ్బతగిలిన ఒక కూలీని ఒకదాని తర్వాత ఒకటి ప్రభుత్వ ఆసుపత్రులు చేర్చుకోలేదు. కూలీల సంఘం సుప్రీంకోర్టుకి వెళ్ళింది. అత్యవసర వైద్యం అందకపోతే 21వ అధికరణం కింద జీవించే హక్కు పోయినట్టేనని 1996లో కోర్టు తీర్పిచ్చి, ప్రభుత్వం చేత పరిహారం ఇప్పించింది. నేను చెప్పేది అదే. ప్రభుత్వ ఆసుపత్రి కాదంటే నిలదీయడానికి రాజ్యాంగం ఉంది, ఓటుంది, వీధిలో ధర్నా ఉంది. ప్రైవేటు గుమస్తా నోటిమాటగా కాదంటే మన చేతిలో ఏముంది? ఫిర్యాదుకి 14555 ఉందంటారు. అలాంటి పొట్టి నంబర్లు మామూలుగా పరాయి దేశం నుంచి కలవవు.

పుదుచ్చేరి వైద్యానికి పేదది కాదు. 1823లో ఫ్రెంచివాళ్ళు పెట్టిన వైద్య పాఠశాల నుంచి ఎదిగింది జిప్మర్. దాని కోసం చుట్టుపక్కల తమిళ జిల్లాల నుంచీ జనం బస్సుల్లో వస్తారు. 2024 ఫిబ్రవరిలో యానాంలో జిప్మర్ 90 పడకల యూనిట్‌ని ప్రారంభించారు. దాన్ని డాక్టర్లతో, మందులతో నింపి నిలబెడితే మా ఊరివాళ్ళకి అది ఎంపిక. ఎనిమిది వందల కిలోమీటర్ల అవతలి ఆసుపత్రి పేరు ఫోన్లో చూపించడం ఎంపిక కాదు.

కాబట్టి అడగాల్సింది ఇవి. ఏ ఆసుపత్రి అయినా కార్డు రోగిని చేర్చుకోకపోతే కారణం, తేదీ, సమయం రాసి సంతకం పెట్టి ఇవ్వాలి. కార్డుకి వేరే వరస ఉండకూడదు. వేలిముద్ర పడకపోతే, ఓటీపీ రాకపోతే ముందు వైద్యం మొదలుపెట్టాలి, గుర్తింపు తర్వాత తేల్చుకోవాలి. వలస వెళ్ళినవాళ్ళ కుటుంబం తరఫున మాట్లాడే మనిషిని ముందే నమోదు చేసుకునే వీలుండాలి, విదేశం నుంచి కలిసే నంబరు ఉండాలి. అన్నిటికన్నా ముందు, బీమా సొమ్ము ప్రభుత్వ ఆసుపత్రుల పడకలు పెంచడానికి పోవాలి.

మనం చెయ్యాల్సిందీ ఉంది. విమానం ఎక్కేముందు అమ్మానాన్నల ఆధార్‌ని ఇంట్లో ఉండే ఫోనుకి మార్పించండి. ప్రతి పేటలో అంబేద్కర్ సంఘం జయంతికి పూలదండలు కొన్నట్టే, ఏడాది పొడుగునా ఆసుపత్రి దగ్గర నిలబడే ఇద్దరు పిల్లల్ని తయారుచెయ్యాలి. మమ్మల్ని ఆ రోజు కాపాడింది నా ఫోనూ కాదు, నా దీనార్లూ కాదు. ఆసుపత్రి ఊడ్చే ఒక దళిత అక్క.

ఇంకొకటి నాకు నేను చెప్పుకున్నది. అద్దాల భవనంలో పడుకోబెడితేనే అమ్మకి గౌరవం అనుకున్నాను. వరండాలో పడుకుని ఆపరేషన్ చేయించుకున్న అమ్మని అడిగితే ఒకటే మాట అంది: "అక్కడ ఏ ఏరియా అని ఎవరూ అడగలేదే."

జై భీమ్.