ఏ చట్రమును నమ్మవలెను?

నేడు ఫించను దరఖాస్తు మొదలు భూమిపత్రముల నకళ్ల వరకు ప్రజావ్యవహారము లనేకములు వెబ్‌సైట్ల మూలముననే జరుగుచున్నవి. అవి నిలిచిన బీదవాని పనియు నిలుచును. వానిని నిర్మించువారు సమస్తమును మొదటినుండి వ్రాయక, ముందే సిద్ధమైయున్న చట్రములపై కట్టుదురు. వీనినే ఫ్రేమ్‌వర్కు లందురు. వీనిలో నమ్మదగిన దేదియన, ఎక్కువమంది వాడునదియే యని పలువురు వెంటనే బదులు చెప్పుదురు. వాడువారు మెండైనచో లోపములు త్వరగా బయటపడునను మాట కొంత నిజమే. కాని న్యాయస్థానము సాక్షుల సంఖ్యను గాక సాక్ష్యపు బలమును జూచును. మనమును అట్లే చూడవలెను.

2010లో గూగుల్ సంస్థ వెలువరించిన ఆంగ్యులర్‌జేఎస్‌ను లోకమంతట వాడిరి. 2016లో వచ్చిన ఆంగ్యులర్ దాని సవరణ గాదు. తిరుగ వ్రాసిన వేరొక కట్టడము. పాత కోడు అందులో నేరుగా నడువదు. 2021 డిసెంబరు 31తో పాతదాని పోషణ ముగిసెను. వ్యాప్తి దానికి ఆయువు పోయలేదు గదా!

కాన్సాస్ రాష్ట్రమున లారెన్సు పట్టణపు వార్తాపత్రిక కార్యాలయమున బుట్టి, 2005లో వెల్లడియైన జాంగోను చూడుడు. దీర్ఘపోషణ గల ప్రతులకు మూడేండ్లపాటు భద్రతా సవరణలు చేయుదుమని దాని నిర్వాహకులు ముందే ప్రకటింతురు. తొలగింపదలచిన భాగమును గూర్చి ముందు హెచ్చరించి, పిదపనే తొలగింతురు. జాంగో నిర్దోషమని మేమనుట లేదు. అందును లోపములు బయటపడుచునే యున్నవి. కాని గడువు తెలిసిన హామీ, గడువు తెలియని కీర్తికంటె మేలు.

చట్రము మంచిదైనంతమాత్రమున చాలదు. 2016 మార్చిలో లెఫ్ట్‌ప్యాడ్ అను పదునొకండు పంక్తుల కోడును దాని కర్త ఉపసంహరింపగా, దానిపై పరోక్షముగ నాధారపడిన పెక్కు నిర్మాణములు చెడెను. 2017 మార్చిలో అపాచీ స్ట్రట్సునందు ఘోరమైన లోపము కనబడగా, సవరణయు నా నెలలోనే వచ్చెను. అమెరికాలోని ఈక్విఫాక్స్ సంస్థ తన సైటులో దానిని అమర్చుకొనలేదు. మే నెలలో దొంగలు ప్రవేశించిరి. సుమారు 14 కోట్ల 70 లక్షల మంది వివరములు పరులపాలయ్యెను. క్రొత్త తాళము చేతికి వచ్చినను బిగింపని గృహస్థు, కమ్మరిని నిందించి ప్రయోజనమేమి?

కావున ప్రజాధనముతో సైటు కట్టించు అధికారులు నాలుగు ప్రశ్నలు వేయవలెను: దీనిని ఎన్నేండ్లు పోషింతురు? పాత కోడును గౌరవింతురా? దీనిక్రింద ఎన్ని పరుల కోడులున్నవి? సవరణ వచ్చిన దినమున అమర్చు బాధ్యత యెవరిది? ఈ నాలుగింటికిని ఉత్తరములు ఒడంబడికలో వ్రాతమూలకముగ నుండవలెను. అమర్చువారి జీతమును అందే చేరవలెను.

ఇల్లు కట్టి చూడుమన్నారు పెద్దలు. కట్టిన యింటిని ఏటేట కప్పించి చూడుమని మనము చేర్చుకొనవలసియున్నది.