పండిత గ్రంథములపై ఆంక్షలు

ఢిల్లీ నగరములోని ఒక న్యాయస్థానమున 2011లో ఒక వ్యాజ్యము దాఖలయ్యెను. వాది శిక్షా బచావో ఆందోళన్ సమితికి చెందిన దీనానాథ్ బాత్రాగారు. ప్రతివాదులు అమెరికా దేశపు సంస్కృత విదుషి వెండీ డానిగర్‌గారును, ఆమె గ్రంథమును అచ్చువేసిన పెంగ్విన్ సంస్థవారును. ‘ది హిందూస్’ అను ఆ గ్రంథము 2009లో వెలువడినది. ఏడువందల పుటలకు మించినది. 2014 ఫిబ్రవరిలో ప్రచురణకర్తలు రాజీపడి, దేశములో మిగిలిన ప్రతులన్నింటిని వెనుకకు తెప్పించి నాశనము చేయుటకు ఒడంబడిరి. గ్రంథము దోషయుక్తమని న్యాయాధిపతి తీర్పు చెప్పలేదు. తీర్పు రాకుండగనే శిక్ష అమలయ్యెను.

మేము ఆ గ్రంథమునకు వకాల్తా పుచ్చుకొనుట లేదు. అందు పొరపాట్లు కలవని విమర్శకులు చూపియున్నారు. పురాణగాథలన్నింటికిని కామమే మూలమన్నట్లు సాగు వ్యాఖ్య మాకును రుచింపదు. కాని రుచింపకపోవుట వేరు, రూపుమాపుట వేరు. తప్పులున్నవనిన వానిని వ్రాసి చూపవలెను. వ్రాయగల పండితులు మనలో లేకపోలేదు. 2015లో మరియొక ప్రచురణ సంస్థ ఆ గ్రంథమును మన దేశముననే మరల అచ్చువేసెను. అందువలన హిందూమతమున కేమియు లోటు రాలేదు.

పెంగ్విన్‌వారంతటి ధనబలము గలవారు వెనుకంజ వేయుటకు కారణమేమి? ఇండియన్ పీనలు కోడులోని 295ఎ సెక్షనే కారణమని వారు నాడొక ప్రకటన చేసిరి. ఈ సెక్షను పుట్టుక ఎరుగదగినది. లాహోరులో మహమ్మదు ప్రవక్తపై వెలువడిన ఒక కరపత్రమును గూర్చిన కేసు 1927లో హైకోర్టున కొట్టివేయబడగా, దేశమున అలజడి చెలరేగెను. ఆంగ్ల ప్రభుత్వము ఆ యేడాదియే ఈ సెక్షనును చేర్చెను. చరిత్రకారులకును, సత్యాన్వేషణ చేయువారికిని, సద్బుద్ధితో మతవిమర్శ చేయువారికిని రక్షణ ఉండవలెనని కేంద్ర శాసనసభలో జిన్నాగారే హెచ్చరించిరి. బుద్ధిపూర్వకముగా ద్వేషముతో చేసిన నిందకు మాత్రమే శిక్ష యనెడి నియమము శాసనమున కలదు. అయినను ఆ ద్వేషము కలదో లేదో తేలుటకు ముందే గ్రంథకర్త కోర్టు గుమ్మముల చుట్టు తిరుగవలెను. ప్రచురణకర్త ఖర్చు భరింపవలెను. చిన్న ప్రచురణకర్తకు ఆ తిరుగుటయే శిక్ష.

మన హైదరాబాదు నగరమునకును ఈ చరిత్రలో పాలు కలదు. ఢిల్లీ విశ్వవిద్యాలయాచార్యుడు ద్విజేంద్ర నారాయణ ఝాగారు ప్రాచీన భారతమున గోమాంస భక్షణమును గూర్చి వ్రాసిన గ్రంథము ప్రకటన కాకుండ 2001లో హైదరాబాదు సివిలు కోర్టు ఆపివేసెను. మరుసటి యేట అది లండనులో అచ్చయ్యెను. ఇందలి వింత వినుడు. వైదిక వాఙ్మయమున ఈ విషయమునకు గల ప్రమాణములను మహామహోపాధ్యాయ పాండురంగ వామన కాణేగారు తమ ధర్మశాస్త్ర చరిత్ర రెండవ సంపుటమున 1941లోనే ఎత్తి చూపి చర్చించిరి. వారు నిష్ఠాపరులైన బ్రాహ్మణులు. వారి నెవరును కోర్టున కీడ్వలేదు. సరికదా 1963లో స్వతంత్ర భారత ప్రభుత్వము వారికి భారతరత్న బిరుద మిచ్చి గౌరవించెను. అవే సూత్రములు, అవే బ్రాహ్మణ వాక్యములు. అరువది యేండ్లలో మారినది వేదము కాదు.

కాణేగారి గ్రంథమును ప్రకటించినది పూనాలోని భండార్కరు ప్రాచ్య పరిశోధన మందిరము. 1917లో స్థాపితమైన ఆ మందిరమునకు 2004 జనవరి 5వ తేదీన పట్టిన గతి తలచుకొన్నచో మాకు నేటికిని మనసు కుదుటపడదు. జేమ్స్ లేయిన్ అను అమెరికా ఆచార్యుడు శివాజీ మహారాజును గూర్చి 2003లో ఒక గ్రంథము వ్రాసి, తనకు తోడ్పడిన ఆ మందిరమునకు కృతజ్ఞత తెలిపెను. ఆక్షేపణ రాగానే ఆక్స్‌ఫర్డు ముద్రణాలయమువారు దానిని వెనుకకు తీసికొనిరి. అంతటితో ఆగక, ఒక గుంపు మందిరమున చొరబడి గ్రంథములను, వ్రాతప్రతులను చిందరవందర చేసెను. ఏబది యేండ్ల కృషితో మహాభారతమును పరిష్కరించిన తావది! ఆ పరిష్కరణమునకు మన తెలుగు లిపిలోని తాళపత్ర ప్రతులు కూడ ఆధారములైనవి. మహారాష్ట్ర ప్రభుత్వము దౌర్జన్యపరుల మీద కేసులు పెట్టుటతో పాటు గ్రంథమును నిషేధించెను గూడ. ఆ నిషేధమును బొంబాయి హైకోర్టు 2007లో కొట్టివేయగా, సుప్రీముకోర్టు 2010లో ఆ తీర్పును స్థిరపరచెను. కాని చినిగిన పుటలకు తీర్పుతో అతుకు పడునా?

పరమతమును యథాతథముగ చెప్పి పిమ్మట ఖండించుట మన శాస్త్రకారుల పద్ధతి. విజయనగర కాలమున మాధవాచార్యుడు సర్వదర్శన సంగ్రహమును ఆరంభించినది వేదనిందకుడగు చార్వాకుని మతముతో! చార్వాకుల గ్రంథములు నశించినను వారి వాదము నేటికి మనకు తెలియుచున్నదనిన, అది చాలవరకు వారిని ఖండించిన వైదికుల చలువయే. పూర్వపక్షమును తగులబెట్టినవాడు సిద్ధాంతము చేయుట ఎట్లో మాకు బోధపడకున్నది.

2024 జూలై 1వ తేదీనుండి పాత పీనలు కోడు పోయి భారతీయ న్యాయ సంహిత అమలులోనికి వచ్చెను. 295ఎ సెక్షను అందు 299వ సెక్షనుగా, ఇంచుమించు పాత మాటలతోనే చేరినది. అదే సంహితలో అశ్లీల గ్రంథములకు సంబంధించిన 294వ సెక్షనును చదువరులు పరిశీలింతురుగాక. శాస్త్రము, సాహిత్యము, కళ, విద్య అను వాని ప్రయోజనార్థము ప్రకటించిన గ్రంథమునకు ఆ శిక్ష వర్తింపదని అందు స్పష్టముగా వ్రాయబడినది. బూతు పుస్తకమను అభియోగము వచ్చినవానికి దొరకు ఈ మినహాయింపు, ధర్మశాస్త్రమును పరిశోధించు పండితునికి లేదు! 299వ సెక్షనున ఆ నాలుగు మాటలను చేర్చుటకు పార్లమెంటుకు పూట పట్టదు. మన ప్రతినిధులలో ఏ ఒక్కరైనను ఆ సవరణను ప్రతిపాదింపవలెనని మేము కోరుచున్నాము.